నా పరిశోధన నీళ్ళ మీద కాదు

నేను పీహెచ్‌డీలో చేరిన సంగతి ఊళ్ళో తెలిసిన రెండో రోజో మూడో రోజో మా పక్కింటి పిన్ని ఒక కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు పట్టుకొచ్చి మా అరుగు మీద పెట్టింది. మూత ఊడిపోకుండా దానికి గుడ్డముక్క చుట్టి, పైన రబ్బరు బ్యాండు కూడా వేసింది.

"మా బోరు నీల్లమ్మా. పొద్దున్నే కొట్టినాను. బేగి సూసేసి సెప్పు, తాగొచ్చో నేదో" అంది.

"నాను నీల్లు సూడను పిన్నీ. నాది లెక్కల్లో పరిశోధన."

"లెక్కలైతే ఏటి? ముందు సూడు. నెక్క తరవాత కట్టుకోవచ్చు."

పిన్నిది తప్పని ఎలా అంటాను? మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపొడ్డు ఊరు. వేరే ఊళ్ళలో నలుగురు కలిస్తే షుగరెంత, బీపీ ఎంత అని అడుగుతారు. మా ఊళ్ళో కిడ్నీల జబ్బు ఇంటింటికీ ఉంది కాబట్టి క్రియాటిన్ ఎంత అని అడుగుతారు. చదువు రాని ముసలమ్మ కూడా తన అంకె తడుముకోకుండా చెబుతుంది. నా చిన్నప్పటి నుంచీ మా ఊరికి పరిశోధన పేరుతో జీపులు వస్తూనే ఉన్నాయి. నీళ్ళు తీసుకున్నారు, మట్టి తీసుకున్నారు, రక్తం తీసుకున్నారు, మూత్రం కూడా డబ్బాల్లో పట్టుకెళ్ళారు. ఏం తేలిందో తిరిగొచ్చి మా వీధిలో నిలబడి చెప్పినవాళ్ళని నేనైతే చూడలేదు. అందుకని మా ఊరి భాషలో పరిశోధన అంటే సీసాలు పట్టుకెళ్ళే పని. సొంత ఊరి పిల్ల పరిశోధనలో చేరిందంటే ఈసారి సీసాలు ఎక్కడికీ పోవని, జవాబు ఇంటికే వస్తుందని ఆశ పడ్డారు.

నెల తిరిగేసరికి అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. కొబ్బరి తోటలో బావి నీళ్ళు, స్కూలు పక్క బోరు నీళ్ళు, ఎవరో అత్తారింటి నుంచి తెచ్చిన నీళ్ళు. కొందరు రక్తపరీక్ష కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీసాలకి కట్టారు. కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పాను, నాది ఆ పని కాదని. ఒక్కరూ నమ్మలేదు. పారబోద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "నమ్మి తెచ్చినారే, పారబోత్తావా? కల్లు పోతాయి" అంది. పైగా తను అప్పటికే రావివలస వెళ్ళి, నా కూతురు ఈ జబ్బుకి మందు కనిపెట్టాలని ఎండల మల్లికార్జునుడికి మొక్కుకుని వచ్చింది. మొక్కు కొంచెం మార్చుకోవే, నా థీసిస్ పూర్తవ్వాలని మొక్కుకో అంటే, ఒకసారి మొక్కాక మార్చకూడదట.

ఇంతకీ నేను చేసేది ఏమిటో చెప్పాలి. ఊళ్ళో చెప్పనివ్వలేదు, ఇక్కడైనా చెప్పనివ్వండి.

దాన్ని అమూర్త బీజగణితం అంటారు. స్కూల్లో బీజగణితంలో ఎక్స్ విలువ ఎంత అని అడుగుతారు. నా బీజగణితంలో అంకెలతో పెద్దగా పని లేదు. అన్నానికి కూర్చునే నలుచదరపు పీట ఒకటి తీసుకోండి. మీరు కళ్ళు మూసుకున్నప్పుడు నేను దాన్ని పావు వంతు తిప్పాననుకోండి. కళ్ళు తెరిచాక అది కదిలిందని మీకు తెలియదు. సగం తిప్పినా తెలియదు, ముప్పావు తిప్పినా తెలియదు. పీటని అలా పోల్చుకోలేని విధంగా తిప్పే తిప్పుళ్ళు అన్నిటినీ ఒకచోట చేర్చి, ఒకదాని వెనక ఒకటి చేస్తే ఏది వస్తుందో రాసుకుంటే, అదొక సమూహం. ఇక్కడి నుంచి పీటని తీసి అవతల పారెయ్యొచ్చు. తిప్పుళ్ళు, వాటి మధ్య నియమాలు మిగులుతాయి. నా పని వాటితోనే.

ప్రపంచమంతా దేనితో తయారైందో ఆ అతి చిన్న కణాలు కూడా ఈ నియమాలకి లోబడే ఉంటాయి. ఒక కాలంలో శాస్త్రజ్ఞులకి కణాలు కుప్పలు తెప్పలుగా దొరుకుతూ వచ్చాయి. ఏది ఎందుకుందో, ఇన్ని ఎందుకున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు. అప్పుడు కొందరు ఈ బీజగణితం పట్టుకుని చూశారు. దాని నియమాల ప్రకారం కణాలు కుటుంబాలుగా ఉండాలి. కుటుంబంలో ఎంతమంది ఉండాలో కూడా మన ఇష్టం కాదు. మూడు మూళ్ళని ఒకదానితో ఒకటి గుణించి ఇరవై ఏడు అని ఊరుకోదు ఈ బీజగణితం. ఆ ఇరవై ఏడూ పదిమంది, ఎనిమిదిమంది, ఇంకో ఎనిమిదిమంది, ఒంటరిగా ఒకరు అని విడిపోతాయంటుంది. పదిమంది ఉండాల్సిన ఒక కుటుంబంలో తొమ్మిదే కనిపించాయి. పదో జాగా ఖాళీ. మామూలు మనిషైతే లెక్క తప్పిందనుకుంటాడు. వాళ్ళు అనుకోలేదు. ఇక్కడ ఒకటి ఉండి తీరాలి, దాని బరువు ఇంతుంటుంది, విద్యుదావేశం ఇంతుంటుంది, వెతకండి అన్నారు. వెతికితే అది దొరికింది.

ఎమ్మెస్సీలో ఉండగా క్లాసులో ఈ సంగతి వింటే నాకు ఒళ్ళు జల్లుమంది. పక్కనున్న వాళ్ళంతా పరీక్షకి వస్తుందా రాదా అని అడుగుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ కంటితో చూడని దాని గురించి, అది ఉందని తెల్లకాగితం మీద గట్టిగా చెప్పగలగడం ఎంత పొగరు! అంత పొగరు న్యాయంగా సంపాదించుకోగలిగిన చదువు ఇంకొకటి ఉందని నాకు అనిపించలేదు. నాకూ అదే కావాలనిపించింది. అందుకే అలాంటి కుటుంబాలు ఎలా కలుస్తాయి, ఎలా విడిపోతాయి అన్నదే పీహెచ్‌డీకి తీసుకున్నాను.

నాన్న సంగతి చెప్పాలి. నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు. కిడ్నీలు పాడయ్యాక సముద్రం మానేశాడు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. నేను టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైము లెక్చరర్ని. డయాలసిస్ రోజు నాన్నని ఆటోలో తీసుకెళ్ళి, మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, రక్తం గొట్టాల్లోంచి మెషీన్లోకి వెళ్ళి తిరిగొచ్చేంతసేపూ నా కాగితాలు ముందేసుకుని కూర్చుంటాను. ఆ గదిలో నా థీసిస్ సగం పైగా జరిగింది. ఏసీ ఉంటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు. లైబ్రరీలో కూడా అంత నిశ్శబ్దం నేను ఎరగను.

అయితే నాన్న మాత్రం మాట్లాడేవాడు. పక్క మంచం మీదికి ఎవరు కొత్తగా వచ్చినా, "మా పిల్ల దీని మీదే రాత్తంది. సూడు, ఎలగ రాత్తందో. ఇంకో రెండేల్లలో తేల్చేత్తాది" అని నన్ను చూపించేవాడు. ఆ మనిషి సూదులు గుచ్చిన చెయ్యి కదపకుండా మెడ తిప్పి నా కాగితాల వంక చూసేవాడు. వాటి మీద మేం గీసుకునే ముక్కోణాలు, చుక్కలు ఉండేవి. వాటిలో తన జబ్బుకి మందు ఉందని నమ్ముతూ చూసేవాడు. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని.

"ఎందుకు నాన్నా అలగ సెప్తావు? అబద్దం కదా" అని తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గొడవ పడేదాన్ని.

"అబద్దం ఎందుకవుద్ది? నువ్వు తలుచుకుంటే కాదేటి?" అనేవాడు.

అంత గొప్ప నమ్మకం ఉన్న తండ్రితో ఏం వాదిస్తాం?

ఇలా ఉండగా విశ్వవిద్యాలయంలో పరిశోధకుల పని చూసే కమిటీ కూర్చుంది. నాకంటే ముందు విశాఖపట్నం కుర్రాడు ఒకడు తాళ్ళ ముడుల గణితం గురించి చెప్పాడు. మంచి పనే. బీచి రోడ్డుకి దీనివల్ల ఏం ఉపయోగం బాబూ అని వాణ్ణి ఎవరూ అడగలేదు. బాగుంది, కొనసాగించు అన్నారు. తర్వాత నేను లేచాను. నా కుటుంబాల గురించి, ఖాళీల గురించి, నేను నిరూపించిన చిన్న ఫలితం గురించి చెప్పాను. కమిటీకి పెద్దగా ఉన్న ప్రొఫెసరు గారు అంతా ఓపిగ్గా విన్నారు. మంచి మనిషే, ఆ మాట ఒప్పుకుంటాను. విని, కళ్ళజోడు తీసి, "అమ్మా, నువ్వు ఉద్దానం నుంచి వచ్చావు కదూ?" అన్నారు.

"అవును సార్."

"ఇంట్లో ఎవరికైనా...?"

"మా నాన్నకి సార్."

గదిలో ఉన్నవాళ్ళందరి మొహాలూ ఒక్కసారి మెత్తబడ్డాయి. ఆ మెత్తదనం నాకు బాగా తెలుసు. ఊరి పేరు చెబితే చాలు, హాస్టల్లో, బస్సులో, పెళ్ళిళ్ళలో ఎక్కడైనా అదే మొహం పెడతారు.

"ఈ కణాల పని ప్రపంచంలో ఎవరైనా చేస్తారమ్మా. నీ లెక్కల తెలివి ఉద్దానం జబ్బు మీద పెట్టు. జబ్బు ఎలా వ్యాపిస్తుందో సమీకరణాలు రాయొచ్చు. నేనే ఒక ప్రాజెక్టు తెస్తాను, అందులో నువ్వు ఉండాలి. ఆ ఊరి అమ్మాయివి. నీకంటే హక్కు ఎవరికుంది?" అన్నారు.

"ఉద్దానం నా చిరునామా సార్. నా సబ్జెక్టు కాదు" అన్నాను.

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. వచ్చే సిటింగుకి ఆలోచించుకుని రమ్మన్నారు. విషయం మార్చుకోకపోతే కొనసాగింపుకి తాను సిఫార్సు చెయ్యలేనని కూడా మర్యాదగానే చెప్పారు. అంటే థీసిస్ ఉంటుందో పోతుందో ఇక ఆయన మాట మీదే ఉంది. బయటికొచ్చాక మా గైడు మేడం నా భుజం మీద చెయ్యి వేసి, నీ ఇష్టం, నేను బలవంతం చెయ్యను, కానీ ఆయన మాట కమిటీలో చెల్లుతుంది అన్నారు.

రైల్లో పలాస వచ్చేదాకా నా కోపం చల్లారలేదు. ఆయన చెప్పింది చెడ్డ మాటైతే తిట్టుకుని ఊరుకుందును. అది మంచి మాట కావడమే నాకు మంట. మా జబ్బు మీద పని చెయ్యాలి, నిజమే. ఎవరో ఒకరు ప్రాణం పెట్టి చెయ్యాలి. కానీ విశాఖపట్నం కుర్రాడికి ముడులు, బెంగుళూరు కుర్రాడికి నక్షత్రాలు, ఉద్దానం పిల్లకి మాత్రం కిడ్నీలా? మా ఊళ్ళో పుట్టినవాళ్ళ బుర్ర కూడా ముందే రాసిపెట్టి ఉంటుందా?

ఆ తర్వాతి డయాలసిస్ రోజున నాన్నకి చెప్పాను. సూదులు గుచ్చాక చెప్పాను, లేచి వెళ్ళిపోలేడని. అంతా విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"మంచిమాటే కదే సెప్పినాడు ఆ సారు! మరేటి, ఒప్పుకున్నావా?"

"నేదు. ఒప్పుకోను."

"ఎందుకు ఒప్పుకోవు?"

"అది నా సదువు కాదు నాన్నా. నాకొచ్చింది ఇది."

నాన్న గొంతు లేచింది. నర్సమ్మ అటు నుంచి చూసింది. "అయితే మేం సచ్చిపోయినా నీకేటీ నేదన్నమాట. ఊరు ఊరంతా నీ మీద ఆశ పెట్టుకుంటే, నీకు ఆ సుక్కలూ గీతలూ గావాలి."

నాకూ రోషం వచ్చింది. ఆ గది, ఆ మెషీన్లు, నలుగురు వింటున్నారన్నది అన్నీ మరిచిపోయాను. "జబ్బు నీ కిడ్నీలు తీసుకుంది. అమ్మ నిద్ర తీసుకుంది. ఇంట్లో ఏ మాటెత్తినా దాని గురించే. ఇప్పుడు నా బుర్ర కూడా దానికే ఇచ్చేమంటావా? ఒక్కటైనా దానికి అందకుండా ఉండొద్దా మనింట్లో?" అన్నాను.

నాన్న మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను మేడం గారూ అనడం మొదలెట్టాడు. మా ఇంట్లో కోపం అలాగే ఉంటుంది. మేడం గారు అన్నం తిన్నారా, మేడం గారికి ఆటో వచ్చింది, అని అమ్మ ద్వారా చెప్పించేవాడు. ఎదురుగా ఉన్నా సరే. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయి, "మీ ఇద్దరికీ మొండితనం ఎక్కడిదో, నా పేనం తీత్తన్నారు" అని గిన్నెలు గట్టిగా తోమేది.

ఊళ్ళో కూడా పొక్కింది. సీసాలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పట్టుకుపోయారు. పిన్ని కూడా తన సీసా తీసుకుంది. గుడ్డ ఊడిపోలేదని చూసుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

రెండు మూడు వారాలు అలా నడిచాక, ఒక రోజు డయాలసిస్ మధ్యలో నాన్నకి పొద్దుపోలేదు కాబోలు. "మేడం గారూ, ఆ గీతలేటో సెప్తే మేమూ ఇంటాం" అన్నాడు. వెటకారమే. అయినా నేను వదల్లేదు. పక్కన మందుల డబ్బా ఉంది, మాత్రలుండే అట్టపెట్టె. దాన్ని నిలబెట్టి, మందు పేరున్న వైపు నాన్న వైపు పెట్టాను.

"సూడు. దీన్ని ముందు నీ వైపు పడుకోబెడతాను. తరవాత ఎడమకి తిప్పుతాను. పేరు ఎటుందో సూసుకో. ఇప్పుడు మల్లీ మొదట్నుంచి. ముందు ఎడమకి తిప్పుతాను, తరవాత పడుకోబెడతాను. పేరు అటే ఉన్నాదా?"

నాన్న పెట్టెని తేరిపార చూశాడు. "నేదు."

"సేసిన పనులు రెండూ అవే. వరస మారింది, అంతే. వరస మారితే ఫలితం మారిపోయే సమూహాలు ఇవి. వెలుగు ఉన్నాది కదా, దాని నెక్కలో వరస మారినా ఫరవానేదు. అందుకే ఒక వెలుగు ఇంకో వెలుగుని పట్టించుకోదు, టార్చి మీద టార్చి ఏసినా దేని దారిన అది పోతాది. కానీ మనూరి ఇసక రేణువులో కూడా ప్రతి అణువు నడి మధ్యన ఒక గట్టి బలం ఉంటాది. కణాల్ని విడిపోకుండా పట్టుకునే బలం. దాని నెక్కలో వరస మారితే ఫలితం మారిపోద్ది. అందుకే ఆ బలాన్ని మోసేవి ఒకదాన్నొకటి కూడా లాక్కుంటాయి. అది లేకపోతే నువ్వూ లేవు, నానూ లేను, సముద్రమూ లేదు. నాను రాత్తున్నది దాని గురించి."

నాన్న చాలాసేపు పెట్టె వంకే చూశాడు. నేను కూడా ఏదో గొప్ప మాట వస్తుందని ఎదురు చూశాను.

"పెట్టెని ఎటు తిప్పితే ఏటి? లోపలున్నవి మాత్రలే కదా" అన్నాడు. అని కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఎటు తిప్పినా మారనిది ఏమిటన్నదే మా శాస్త్రంలో అసలు ప్రశ్న. ఆ ముక్క చెబుదామంటే గురక పెడుతున్నాడు.

కమిటీ మళ్ళీ కూర్చునే ముందు ప్రొఫెసరు గారు స్వయంగా మా ఊరు వస్తానన్నారు. తన ప్రాజెక్టు కోసం పల్లెలు చూడాలట, దారిలో మా ఇంట్లో ఆగి నాతో మాట్లాడతారట. ఆదివారం పదిగంటలకి వాళ్ళ కారు మా సందు మొదట్లో ఆగింది. పిన్ని దగ్గర్నుంచి అవతలి వీధి వాళ్ళ దాకా అందరూ చేరారు. అమ్మ నీళ్ళిస్తే తాగరని తెలుసు కాబట్టి కొబ్బరిబొండాలు కొట్టించింది. మా వైపు వచ్చే పెద్దమనుషులకి బొండాలే ఇస్తాం. అది మర్యాద అనుకుంటారు వాళ్ళు.

ఆయన బొండం తాగి, చుట్టూ ఉన్నవాళ్ళని ప్రేమగానే పలకరించారు. ఒకావిడ కాగితాలు చూసి, నిజంగానే బాధపడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆలోచించావా అమ్మా?" అన్నారు.

"ఆలోచించాను సార్. మీ ప్రాజెక్టు చాలా అవసరం. ఇంటింటికీ తిరగాలంటే తిరుగుతాను. మా వాళ్ళు చెప్పేది మీకు రాసి పెడతాను. సెలవుల్లో మీ లెక్కలు కూడా సరిచూసి పెడతాను. కానీ నా థీసిస్ మార్చను."

"ఇంతమంది బాధ కళ్ళముందు పెట్టుకుని, ఎక్కడో ఉన్న కణాలమీద ఎలా మనసు పెట్టగలవు?"

"కళ్ళముందు ఇంత బాధ ఉన్నా వాటి మీద మనసు పోతోంది సార్. అందుకే వదలను. మీరు చెప్పే పని నాకంటే బాగా చేసేవాళ్ళు ఉంటారు. ఆ పనికి పుట్టినవాళ్ళు, దానిమీద మోజున్నవాళ్ళు కావాలి మా ఊరికి. బాధ్యత కాబట్టి తప్పక చేసేవాళ్ళు అక్కర్లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళలో గుసగుసలు లేచాయి. పిన్ని పెద్దగానే, "సదువు బలిసి మాటలు నేర్సింది" అంది. ప్రొఫెసరు గారు నిట్టూర్చి, కుర్చీ నాన్న దగ్గరికి జరుపుకున్నారు. నాన్న అరుగు మీద, సూదులు గుచ్చే చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీరు చెప్పండి. మీ మాట వింటుంది. తను ఈ పని చేస్తే అది మీకోసమే కదా" అన్నారు.

నెల రోజులుగా నన్ను మేడం గారూ అంటున్న మనిషి నాన్న. ఊరు ఊరంతా ఉంది అక్కడ. నాన్న చెయ్యమంటే ఇక నేను ఏం చేస్తానో, నిజం చెబుతున్నాను, నాకు తెలియదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"సారూ, నాను సదువుకోనేదు. మా పిల్ల సదువేటో నాకు తెల్దు. పెట్టె తిప్పి సెప్పింది, నాకెక్కనేదు. మీరు మా ఊరొచ్చినారు, సల్లగుండాల. మా జబ్బు ఎందుకొచ్చిందో మీరు కనిపెట్టండి. మీ కాల్లకి దండం పెడతాను. రగతం గావాలా, ఇదిగో సెయ్యి. నీల్లు గావాలా, మా ఆడోల్లు బిందెలతో తెచ్చిత్తారు. కానీ దానికి మా పిల్లే కావాలా? ఇంతమంది సదువుకున్నోల్లున్నారు, మీ ఇల్లల్లో పిల్లల్లేరా? మా జబ్బు మాకే వచ్చింది, దాని పని కూడా మా పిల్లలే సేసుకోవాలంటే, మరి మీరందరూ ఏటి సేత్తారు?"

ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. కాసేపటికి లేచి, నాన్న భుజం తట్టి, "సిటింగుకి నీ నిర్ణయం పంపించమ్మా" అని కారు వైపు నడిచారు. ఆయన కోపంగా ఉన్నారో, ఏదో ఆలోచిస్తున్నారో నాకు తెలియలేదు.

జనం వెళ్ళాక నాన్న దగ్గర కూర్చున్నాను. ఎండ అరుగు మీదికి వచ్చేసింది. లోపలికి వెళదామంటే కదల్లేదు.

"అంతమందిలో నన్ను ఎనకేసుకొచ్చావు. మరి ఇన్నాల్లూ ఎందుకు మాట్లాడనేదు?" అన్నాను.

"కోపం వచ్చింది, మాట్లాడనేదు. ఇప్పుడూ ఉన్నాది కోపం."

"మరి?"

నాన్న నా వైపు చూడలేదు. "నాకు బతకాలని నేదనుకున్నావేటి? ఉన్నాది. సానా ఉన్నాది. ఎవడైనా మందు తెత్తే వాడి గుమ్మం ముందు పడుంటాను. కానీ నా పిల్ల సదువు తినేసి బతకాలని నేదు."

నేను ఏడ్చాను. ఆ మాటకి ఏడవని కూతురు ఉండదు. అమ్మ లోపల్నుంచి వచ్చి, మళ్ళీ ఏటైంది అని ఇద్దర్నీ తిట్టింది. జబ్బుమనిషిని ఎండలో కూర్చోబెట్టానని నన్ను విడిగా తిట్టింది.

మర్నాడు పొద్దున్న మా గైడు మేడంకి ఫోను చేశాను. విషయం మార్చడం లేదని, కమిటీ ఏమన్నా సరే ఇదే పని చేస్తానని, సంతకం పెట్టకపోతే విశ్వవిద్యాలయం బయటైనా చేస్తానని చెప్పాను.

"సరే. కమిటీకి కారణం ఏమని చెప్పమంటావు?" అని అడిగారు.

"నాకు ఇష్టమని చెప్పండి మేడం" అన్నాను.